హార్మోన్ రిపోర్టు నార్మల్, మరి ఈ చిరాకు ఎక్కడిది?

నెలసరికి వారం ముందు నుంచి చిన్న మాటకే కోపం, అయినదానికీ కానిదానికీ కళ్లనీళ్లు, పొద్దున లేవబుద్ధి కాకపోవడం. ప్రతి నెలా ఇలా ఇబ్బందిపడే మనిషి హార్మోన్ల పరీక్ష చేయించుకుంటే రిపోర్టు చాలాసార్లు నార్మల్ అనే వస్తుంది. ఆ తర్వాత ఆమె వినేవి రెండే మాటలు. ఒకటి, "రిపోర్టులో ఏమీ లేదుగా, అంతా నీ ఊహే". రెండోది, "హార్మోన్లు మరి, ఆడవాళ్లకు మామూలే". రెండూ తప్పే. మొదటిది బాధనే కొట్టిపారేస్తుంది. రెండోది కారణం తెలిసిపోయిందని, ఇక చేసేదేమీ లేదని తేల్చేస్తుంది. పరిశోధనల్లో ముప్పై ఏళ్లకు పైగా బయటపడుతున్న విషయం వేరు. హార్మోన్లు బాధ ఉన్నవాళ్లలోనూ లేనివాళ్లలోనూ దాదాపు ఒకేలా పెరిగి తగ్గుతాయి. ఆ పెరగడం తగ్గడం ఒక్కో మెదడు మీద ఒక్కోలా పనిచేస్తుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే మూడ్ గురించి, ఓపిక గురించి, పని మీద మనసు గురించి మనం వినే సగం మాటలు ఎక్కడ తప్పుతున్నాయో తెలుస్తుంది.

నెల లోపల జరిగేది

మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ గంటకో గంటన్నరకో ఒకసారి కొంచెం కొంచెంగా ఒక హార్మోన్ వదులుతుంది. దాన్ని అందుకున్న పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే మరో రెండింటిని రక్తంలోకి పంపుతుంది. వాటి ప్రభావంతో అండాశయంలో కొన్ని తిత్తులు పెరగడం మొదలవుతుంది. వాటిలో ఒకటి మిగతావాటిని దాటి పెద్దదవుతుంది. ఆ తిత్తి తయారుచేసేదే ఈస్ట్రడయోల్, అంటే ఈస్ట్రోజన్లలో ముఖ్యమైనది. నెలసరి మొదటి రోజుల్లో మిల్లీలీటరు రక్తంలో సుమారు 50 పికోగ్రాముల లోపే ఉండే ఈ హార్మోన్, అండం విడుదలకు ముందు 200 దాటి చాలామందిలో 300, 400 దాకా చేరుతుంది. అంత ఎత్తున రెండు రోజులు నిలబడితే ఒక విచిత్రం జరుగుతుంది. అప్పటిదాకా పిట్యూటరీని అణచి ఉంచిన ఈస్ట్రడయోలే ఇప్పుడు దాన్ని ఉసిగొల్పుతుంది. ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగుస్తుంది. అది మొదలైన 36 గంటలకు కాస్త అటూ ఇటూగా అండం విడుదలవుతుంది.

అండం బయటికి వచ్చేశాక మిగిలిన తిత్తి పసుపురంగు ముద్దగా మారి ప్రొజెస్టిరాన్ తయారుచేయడం మొదలుపెడుతుంది. అంతకుముందు మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము కూడా ఉండని ప్రొజెస్టిరాన్ ఓ వారంలో పది, ఇరవై దాకా పెరుగుతుంది. ఈస్ట్రడయోల్ ఒకసారి పడి, దీంతోపాటే మళ్లీ ఓ మోస్తరుగా లేస్తుంది. గర్భం రాకపోతే ఆ ముద్ద తనంతట తానే వాడిపోతుంది. రెండు హార్మోన్లూ కొద్ది రోజుల్లోనే కిందికి దిగుతాయి, గర్భాశయం లోపలి పొర రాలిపోతుంది. అదే నెలసరి.

ఇక్కడ చాలామంది పొరబడే లెక్క ఒకటుంది. 28 రోజుల చక్రం అనేది సగటు మాత్రమే. పెద్దవాళ్లలో 21 నుంచి 35 రోజుల మధ్య ఏదైనా మామూలుగానే చూస్తారు. ఆ తేడా ఎక్కువగా వచ్చేది అండం విడుదలకు ముందున్న సగంలో. తర్వాతి సగం చాలామందిలో 12 నుంచి 14 రోజుల దగ్గరే ఉంటుంది. కాబట్టి 34 రోజుల చక్రం ఉన్న మనిషికి అండం 14వ రోజున రాదు, 20వ రోజు అటూ ఇటూగా వస్తుంది. అందరికీ ఒకే క్యాలెండర్ ఇచ్చి "12వ రోజు హుషారు, 24వ రోజు నీరసం" అని చెప్పే యాప్‌లు మొదటి మెట్టు దగ్గరే తప్పుతున్నాయి.

తేడా ఎక్కడుంది?

నెలసరికి ముందు వచ్చే ఇలాంటి బాధలను కలిపి పీఎంఎస్ అంటారు. అది ఉన్నవాళ్లలో హార్మోన్లు ఎక్కువో తక్కువో ఉంటాయనే అనుమానంతోనే పరిశోధన మొదలైంది. 1931లో అమెరికన్ గైనకాలజిస్టు రాబర్ట్ ఫ్రాంక్ ఈ బాధకు నెలసరి ముందరి టెన్షన్ అని పేరుపెట్టినప్పుడు కూడా హార్మోన్ ఎక్కువై ఒంట్లో పేరుకుంటోందనే అనుకున్నాడు. తర్వాతి దశాబ్దాల్లో ఎన్నిసార్లు కొలిచినా నమ్మదగ్గ తేడా దొరకలేదు.

1991లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పీటర్ ష్మిట్ బృందం ఈ ప్రశ్నను మరోవైపు నుంచి పట్టుకుంది. పీఎంఎస్ ఉన్న స్త్రీలకు అండం విడుదలైన ఓ వారానికి మందు ఇచ్చి, రావలసిన సమయం కన్నా ముందే నెలసరి తెప్పించారు. కొందరిలో ప్రొజెస్టిరాన్ కూడా అప్పుడే పడిపోయింది. చివరి వారపు హార్మోన్లే బాధకు కారణమైతే వీళ్లకు ఆ నెల బాధ తప్పిపోవాలి. తప్పలేదు. నెలసరి వచ్చి వెళ్లిపోతున్నా, మామూలుగా ఏ రోజుల్లో వచ్చేవో ఆ రోజుల్లోనే చిరాకూ దిగులూ వచ్చాయి. అంటే చివరి వారంలో కనిపించే బాధకు బీజం అంతకు చాలా ముందే పడుతోంది.

అదే బృందం 1998లో ప్రచురించిన ప్రయోగం ఇంకా స్పష్టమైనది. ల్యూప్రొలైడ్ అనే మందుతో అండాశయాల పనిని తాత్కాలికంగా ఆపేశారు. హార్మోన్లు రెండూ అడుక్కి పోయాయి. పీఎంఎస్ ఉన్న పదిమందికి ఆ మందుతో బాధ బాగా తగ్గింది. తర్వాత వాళ్లకు ఈస్ట్రడయోల్ లేదా ప్రొజెస్టిరాన్‌ను బయటి నుంచి, మామూలు నెలలో ఉండేంత మోతాదులోనే ఇచ్చారు. బాధ తిరిగొచ్చింది. పీఎంఎస్ లేని 15 మందికీ అవే మందులు, అదే పద్ధతిలో ఇచ్చారు. వాళ్ల మూడ్‌లో మార్పేమీ రాలేదు.

ఈ ఫలితం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. "నాకూ నెలసరి వస్తుంది, నేను ఇలా ఉన్నానా?" అని పక్కింటావిడో సొంత అక్కో అడిగే ప్రశ్నకు ఇదే సరైన జవాబు. ఒకే హార్మోన్, ఒకే మోతాదు ఇచ్చినా ఒకరికి ఏమీ కాలేదు, ఇంకొకరు కుంగిపోయారు. ఇందులో ఓర్చుకునే గుణం ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు.

2017లో మరో అడుగు పడింది. ఇలాగే అండాశయాలు ఆపేసిన స్త్రీలకు హార్మోన్లను ఈసారి హెచ్చుతగ్గులు లేకుండా, ఒకే స్థాయిలో మూడు నెలల పాటు ఇచ్చారు. మొదటి నెలలో బాధ పెరిగింది. రెండో నెలలో, మూడో నెలలో హార్మోన్లు అదే స్థాయిలో ఉన్నా బాధ తగ్గిపోయింది. అంటే ఇబ్బంది పెట్టింది హార్మోన్ ఉండటం కన్నా, లేని స్థితి నుంచి ఉన్న స్థితికి వచ్చిన మార్పు. ఒక్క రోజు రక్తం తీసి చేసే పరీక్షలో మార్పు కనిపించదు, ఆ మార్పుకు మెదడు ఎలా స్పందిస్తోందో అసలే కనిపించదు. రిపోర్టు నార్మల్ రావడంలో వింత లేదు.

ఊరట కలిగించేదే కొందరికి ఎందుకు పడదు?

హార్మోన్ మార్పు మెదడును తాకే దారుల్లో బాగా తెలిసినది ప్రొజెస్టిరాన్‌ది. 1941లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకలకు పెద్ద మోతాదులో ప్రొజెస్టిరాన్ ఇస్తే అవి మత్తులోకి జారిపోయాయి. దీనికి కారణం చాలాకాలం తర్వాత, 1980ల్లో తేలింది. శరీరం ప్రొజెస్టిరాన్‌లో కొంత భాగాన్ని అలోప్రెగ్ననలోన్ అనే మరో పదార్థంగా మారుస్తుంది. అది మెదడులో గాబా అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాల మీద పనిచేస్తుంది. గాబా మన నాడీ వ్యవస్థకు బ్రేకు లాంటిది, దాని పని పెరిగితే ఆందోళన తగ్గుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. మద్యం, కొన్ని నిద్రమాత్రలు పనిచేసేదీ ఈ గ్రాహకాల మీదే.

ఆ లెక్కన ప్రొజెస్టిరాన్ ఎక్కువగా ఉండే రోజుల్లో అందరూ ప్రశాంతంగా ఉండాలి. కొందరు నిజంగానే ఉంటారు. రాత్రి తొందరగా నిద్ర పడుతుంది, ఒళ్లు కాస్త మందగిస్తుంది, అంతే. మరి కొందరిలో మాత్రం అదే పదార్థం చిరాకు, ఆందోళన రేపుతుంది. ఈ గ్రాహకాలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. అలోప్రెగ్ననలోన్ పెరిగేకొద్దీ, తగ్గేకొద్దీ వాటి నిర్మాణంలోని భాగాలు మారుతూ ఆ స్థాయికి సర్దుకుంటాయి. తీవ్రమైన బాధ ఉన్నవాళ్లలో ఈ సర్దుబాటు సరిగ్గా జరగడం లేదన్నది ఇప్పుడు బలంగా నిలబడుతున్న వివరణ. 2016లో ఒక చిన్న ప్రయోగంలో, ప్రొజెస్టిరాన్ అలా మారకుండా అడ్డుపడే మందు ఇచ్చినప్పుడు ఈ బాధ ఉన్నవాళ్లలో చిరాకు, దిగులు తగ్గాయి. ఇంకోవైపు, అదే అలోప్రెగ్ననలోన్‌ను ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్‌కు మందుగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో అనుమతించింది. ఒకరిని కుంగదీసే పదార్థమే ఇంకొకరిని ఇంకో సమయంలో లేవనెత్తుతోంది.

ఈస్ట్రోజన్ దారి మూడ్‌తో ముడిపడిన మెదడు రసాయనం సెరటోనిన్ వైపు. సెరటోనిన్ తయారీని పెంచడం, అది విరిగిపోవడాన్ని తగ్గించడం రెండింటిలోనూ దానికి పాత్ర ఉంది. అందువల్ల అది పడిపోయే రోజుల్లో కొందరికి మనసు బరువెక్కుతుంది.

పని మీద మనసు

మూడ్ బాగుండటం వేరు, ఒక పని మొదలుపెట్టాలనిపించడం వేరు. మనసు ప్రశాంతంగానే ఉన్నా చేయి కదలని రోజులుంటాయి. కోపంగా ఉండి కూడా ఇల్లంతా సర్దేసే రోజులుంటాయి. పని మొదలుపెట్టాలనిపించడాన్ని ఎక్కువగా నడిపేది డోపమైన్ అనే మెదడు రసాయనం. ఫలితం కోసం శ్రమ పడవచ్చా లేదా అన్న బేరీజులో దానిది పెద్ద పాత్ర.

ఈస్ట్రడయోల్ పెరిగితే మెదడులోని స్ట్రయేటమ్ అనే భాగంలో డోపమైన్ ఎక్కువగా విడుదలవుతుందని ఆడ ఎలుకల్లో చాలాసార్లు చూశారు. మనుషుల్లో 2007లో ఒక అధ్యయనం జరిగింది. స్త్రీలు స్కానర్‌లో పడుకుని తెరమీద స్లాట్ మెషీన్ ఆట ఆడారు. బహుమతి వస్తుందా రాదా అని ఎదురుచూసే క్షణాల్లో మెదడులోని కొన్ని భాగాల స్పందన చక్రం తొలిసగంలో ఎక్కువగా కనిపించింది. "మొదటి రెండు వారాల్లో దూసుకుపోండి" అనే సలహాలన్నీ ఇలాంటి ఫలితాలను సాగదీసి చెప్పేవే.

అయితే 2011లో వచ్చిన మరో పరిశోధన ఆ సలహాకు అడ్డం తిరుగుతుంది. మెదడు ముందుభాగంలో డోపమైన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది. జన్యువులను బట్టి అది కొందరిలో వేగంగా, కొందరిలో నెమ్మదిగా పనిచేస్తుంది. వేగంగా పనిచేసేవాళ్లలో డోపమైన్ మామూలుగానే తక్కువ. వాళ్లు ఈస్ట్రడయోల్ ఎక్కువున్న రోజుల్లో జ్ఞాపకంతో, ఏకాగ్రతతో చేసే పరీక్షను మెరుగ్గా చేశారు. నెమ్మదిగా పనిచేసేవాళ్లలో డోపమైన్ ముందే సరిపడా ఉంటుంది, వాళ్లు అవే రోజుల్లో వెనకబడ్డారు. కాబట్టి ఈస్ట్రోజన్ శిఖరం అందరికీ మంచి రోజు కాదు. అండం విడుదలయ్యే రోజుల్లోనే తల తిరిగినట్టుగా, దేనిమీదా కుదురు లేకుండా ఉంటుందని ఎవరైనా చెబితే ఆమెను నమ్మాలి.

ఇంతా చేసి, తెలివితేటల మీద చక్రం ప్రభావం ఎంత? వందకు పైగా అధ్యయనాలను కలిపి 2025లో చూసిన విశ్లేషణలో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, మాట, లెక్క వంటి వాటిలో దశను బట్టి నిలకడైన తేడా కనిపించలేదు. పని చేయబుద్ధి కావడం లేదని అనిపించడం నిజం. పని చేసే సామర్థ్యం పోవడం మాత్రం నిజం కాదు. ఈ తేడాను ఆడవాళ్లకు ఉద్యోగం ఇవ్వాలా, బాధ్యత అప్పగించాలా అని ఆలోచించేవాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి.

నీరసానికి హార్మోన్లే కారణమా?

ఓపిక విషయానికొస్తే హార్మోన్ల మీద నెట్టేసే చాలా నీరసం నిజానికి వేరేచోట నుంచి వస్తుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ వల్ల శరీర ఉష్ణోగ్రత 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది, గుండె వేగం కూడా కాస్త పెరుగుతుంది. ఆకలి పెరుగుతుంది. చివరి రోజుల్లో కొందరికి నిద్ర మధ్యమధ్యలో తెగుతుంది. నెలసరి మొదలయ్యాక ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు గర్భాశయాన్ని బిగిస్తాయి. రాత్రంతా నొప్పితో మెలికలు తిరిగిన మనిషికి పొద్దున ఓపిక లేకపోతే అందులో ఆశ్చర్యమేముంది? ఆ నొప్పికి మందు ఉంది. ఐబుప్రొఫెన్ వంటివి నేరుగా ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే తగ్గిస్తాయి. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు లాంటివి ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగే వాడాలి.

వ్యాయామం, ఆటల సంగతి 2020లో 78 అధ్యయనాలను జల్లెడ పట్టి చూశారు. నెలసరి తొలి రోజుల్లో సామర్థ్యం అతి స్వల్పంగా తగ్గవచ్చని, అందరికీ ఒకే నియమం పెట్టేంత ఆధారం లేదని తేలింది. ఫలానా దశలో ఫలానా వ్యాయామమే చెయ్యాలంటూ అమ్మే ప్రణాళికలకు గట్టి పునాది లేదు.

ఎక్కువగా తప్పిపోయేది ఇనుము. ఒక నెలసరిలో సగటున 30, 40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. 80 దాటితే ఎక్కువ అంటారు. మిల్లీలీటరు రక్తంలో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది, మన పేగులు రోజుకు గ్రహించేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. రక్తస్రావం ఎక్కువున్న మనిషిలో నెలనెలా ఈ లోటు పేరుకుంటుంది. హిమోగ్లోబిన్ పడిపోవడానికి చాలా ముందే ఒంట్లో ఇనుము నిల్వ ఖాళీ అవుతుంది. ఆ నిల్వను చూపేది ఫెర్రిటిన్ పరీక్ష. 2003లో, రక్తహీనత లేకుండానే కారణం తెలియని అలసటతో ఉన్న 144 మంది స్త్రీలపై ఒక ప్రయోగం జరిగింది. నాలుగు వారాలు ఇనుము మాత్రలు వేసుకున్నవాళ్లకు అలసట ఎక్కువగా తగ్గింది, అదీ ఫెర్రిటిన్ తక్కువగా ఉన్నవాళ్లకే. గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, ఏడు రోజులు దాటినా, పెద్ద గడ్డలు పడుతున్నా ఫెర్రిటిన్ చూపించుకోవాలి. థైరాయిడ్ కూడా. "హిమోగ్లోబిన్ బాగానే ఉంది" అనే మాట దగ్గర ఆగిపోవద్దు.

గుర్తుపెట్టుకున్నదీ జరిగిందీ

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన విషయం. 1977లో సైకాలజిస్టు డయాన్ రూబుల్ కొందరు కాలేజీ అమ్మాయిలను ఎంచుకుంది. వాళ్లందరికీ నెలసరి ఇంకా ఆరేడు రోజుల్లో రావాలి. తలకు తీగలు తగిలించి, ఈ యంత్రం మీ తేదీని కచ్చితంగా చెప్పగలదని నమ్మించారు. కొందరికి నెలసరి ఒకటి రెండు రోజుల్లోనే వస్తుందని, మరికొందరికి ఇంకా వారం పది రోజులు పడుతుందని చెప్పారు. "రేపో ఎల్లుండో" అని విన్నవాళ్లు నొప్పి, ఒంట్లో నీరు చేరడం, తిండిలో మార్పు ఎక్కువగా ఉన్నాయని రాశారు. అందరూ ఉన్నది మాత్రం నెలలో ఒకే చోట.

2012లో ఒక సమీక్ష రోజురోజుకూ మూడ్ నమోదు చేసిన 47 అధ్యయనాలను చూసింది. వాటిలో 18 అధ్యయనాల్లో మూడ్‌కీ చక్రానికీ సంబంధమే కనిపించలేదు. నెలసరి ముందు మాత్రమే మూడ్ పాడవుతుందని తేలినవి ఏడే.

దీన్ని పట్టుకుని "చూశారా, అంతా భ్రమే" అనేవాళ్లు ఉంటారు. అది కాదు దీని అర్థం. సగటున జనంలో కనిపించనిది కొందరిలో చాలా తీవ్రంగా ఉండగలదు, 1998 ప్రయోగం చూపింది అదే. ఎవరిలో ఉందో తెలుసుకోవడానికి నెల తర్వాత వెనక్కి తిరిగి గుర్తుచేసుకుంటే సరిపోదు. చిరాకు పడిన రోజు నెలసరి దగ్గర్లో ఉంటే గుర్తుంటుంది, దూరంగా ఉంటే మరిచిపోతాం.

రెండు నెలల కాగితం

నెలసరి ముందరి ఈ బాధ తీవ్రమైన రూపానికి ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్, పొట్టిగా పీఎండీడీ అని పేరు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో దీన్ని పూర్తిస్థాయి రుగ్మతగా చేర్చింది, తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలోకీ వచ్చింది. దీన్ని నిర్ధారించే పద్ధతి రక్తపరీక్ష కాదు, కనీసం రెండు చక్రాల పాటు ఏ రోజుకారోజు రాసిన నమోదు. రాత్రి పడుకోబోయే ముందు దిగులు, చిరాకు, ఆందోళన, ఓపిక, నిద్ర, పని మీద ఆసక్తి, ఒక్కోదానికి 1 నుంచి 6 వరకు ఒక అంకె వేస్తే చాలు. నిన్నటి అంకెలు చూడకుండా వేయడం మంచిది.

ఆ కాగితంలో చూడాల్సింది చెడ్డ వారాన్ని కాదు, నెలసరి ముగిసిన తర్వాతి వారాన్ని. ఆ వారం తేటగా, మీరు మీలా ఉండి, బాధ రెండో సగంలోనే వచ్చి నెలసరి మొదలైన కొద్ది రోజులకు పోతుంటే అది చక్రంతో ముడిపడినది. ఆ వారంలో కూడా దిగులు ఉండి, నెలసరి ముందు మరింత పెరుగుతుంటే లోపల డిప్రెషనో ఆందోళనో ఎప్పుడూ ఉందన్నమాట. చికిత్స దానికి కావాలి. అంకెలకు ఏ వరసా లేకపోతే కారణం నిద్రలోనో, పని ఒత్తిడిలోనో, ఇంటి పరిస్థితుల్లోనో వెతకాలి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో సాధారణంగా అండం విడుదల కాదు కాబట్టి ఈ దశల లెక్క వాళ్లకు వర్తించదు. మాత్రలు ఆపిన వారంలో వచ్చే రక్తస్రావం మందు ఆపడం వల్ల వచ్చేదే.

చికిత్సలు ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. సెరటోనిన్ మీద పనిచేసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు డిప్రెషన్‌లో ఫలితం చూపడానికి వారాలు తీసుకుంటాయి, పీఎండీడీలో మాత్రం కొద్ది రోజుల్లోనే చూపుతాయి. అందుకే చాలామందికి నెలంతా అక్కర్లేకుండా రెండో సగంలోనే ఇస్తారు. అండం విడుదలను ఆపే కొన్ని రకాల మాత్రలు కొందరికి సరిపడతాయి, కొందరికి మూడ్ ఇంకా పాడుచేస్తాయి. ఏది సరిపడుతుందో రెండు మూడు నెలలు చూస్తే గానీ తెలియదు. ఆలోచనా ధోరణిని మార్చే కౌన్సెలింగ్‌కూ ఆధారాలున్నాయి. ఇవేవీ పనిచేయని కొద్దిమందికి 1998 ప్రయోగంలో వాడినలాంటి మందులు నిపుణుల పర్యవేక్షణలో ఇస్తారు.

డాక్టర్ దగ్గరికి ఆ రెండు నెలల కాగితం తీసుకెళ్లండి. "నెలసరి ముందు బాగోదు" అని చెప్పడం కన్నా, "ప్రతి చక్రంలో 19వ రోజు నుంచి దిగులు 5కు పోతోంది, నెలసరి మూడో రోజుకు 1కి వస్తోంది" అని చూపిస్తే పక్కన పెట్టడం ఎవరికైనా కష్టం. ఆ రోజుల్లో చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే మాత్రం కాగితం పూర్తయ్యేదాకా ఆగవద్దు. పీఎండీడీ ఉన్నవాళ్లలో ఆ ఆలోచనలు ఎక్కువగా వస్తాయని చాలా అధ్యయనాలు చూపాయి. నెలసరి వస్తే అదే పోతుందిలే అనుకోకుండా, దగ్గరివాళ్లకు ఒకరికి చెప్పి ఆ రోజే డాక్టర్‌ను కలవాలి.